పాత స్పోర్ట్సుకారు కొనుటకు ముందు



అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున కాపురమున్న సోదరి యొకరు ఈ నెల ఇట్లు వ్రాసినారు: “మా కుమారుడు తన తొలి యుద్యోగపు జీతములో మిగిల్చిన సొమ్మంతయు పెట్టి, ముప్పది యేండ్ల నాటి మాజ్డా మియాటా కారు కొనవలెనని పట్టుపట్టినాడు. అది ఎర్రగా మెరయుచున్నది. నాకు యంత్రముల సంగతి తెలియదు. వలదన్న నొచ్చుకొనును, సరేయన్న నాకు నిద్రపట్టదు. ఏమి చేయుదును?”

అమ్మా, చీర కొనునపుడు కొంగు మాత్రమే చూచి వచ్చుదుమా? మడత విప్పి, వెలుతురున బట్టి, నేత చూతుము గదా! ఆ చూపే ఇచ్చటను కావలసినది.

మాజ్డావారు ఈ కారును 1989వ సంవత్సరమున చికాగో ప్రదర్శనమున లోకమునకు చూపిరి. ఇద్దరికే చోటు, వెనుకకు మడువదగిన గుడ్డకప్పు, పైకి లేచు ముందు దీపములు దీని గురుతులు. ఆ తొలి తరము 1997 వరకు సాగినది. దీని ఇంజను గట్టిదని పేరు. అది చెడినను బాగుచేయవచ్చును, లేదా వేరొకటి తెచ్చి బిగింపవచ్చును. కాని కారు ఒడలికి తుప్పు పట్టినచో ఖర్చునకు అంతుండదు. కావున మొదట వెదకవలసినది తుప్పునే.

మీ ప్రాంతమున చలికాలమందు మంచు కరగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. అది క్రిందినుండి ఇనుమును తినును. పైనుండి వచ్చు కీడు వేరొకటి కలదు. గుడ్డకప్పుపై పడిన వాననీరు సీట్ల వెనుకనున్న గొట్టముల గుండ క్రిందికి పోవలెను. ఎండుటాకులు, దుమ్ము చేరి అవి పూడుకొన్నచో, నీరు తలుపుల క్రింది ఇనుప అంచులలో చేరి లోపలినుండి తినివేయును. వెనుక చక్రములకు ముందున్న ఆ భాగమును వంగి చూడుడు. రంగు పొక్కినదా? నొక్కిన మెత్తగా నున్నదా? చిన్న అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి ఆనింపుడు. తుప్పు రంధ్రమును మైనమువంటి పూతతో పూడ్చి రంగు వేసిన చోట అది అంటదు. ముందు బానెట్టు మాత్రము అల్యూమినియముతో చేసినది. అచ్చట అంటకున్నను దోషము కాదు. పిమ్మట లోపలి తివాచి ఎత్తి చూడుడు. తడియు బూజువాసనయు మన ముక్కును తప్పించుకొనలేవు.

ఇంజను చల్లగా నుండగనే నడిపి చూపుమనవలెను. ముందే వేడిచేసి యుంచినచో అనుమానింపుడు. నీలిపొగ వచ్చిన నూనె కాలుచున్నదని యర్థము. తీయని వాసనతో తెల్లపొగ ఎడతెగక వచ్చిన, ఇంజనును చల్లబరచు ద్రవము లోపలికి కారుచున్నదన్న మాట. మొదట కొంతసేపు టకటకమని చప్పుడై, వేడెక్కగానే అణగినచో భయపడనక్కరలేదు. ఈ కార్లకు అది సామాన్యమే. టైమింగుబెల్టును 60,000 మైళ్లకు, అనగా సుమారు 96,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చవలెను. మార్చితిమను నోటిమాట చాలదు, రసీదు చూపుమనుడు. 1990 నాటి కార్లలోను, 1991 నాటి తొలి కార్లలోను క్రాంకుషాఫ్టు ముందుకొన పొట్టిగా నుండును. బెల్టు మార్చినవారు అచ్చటి బోల్టును సరిగా బిగింపకున్నచో అది క్రమముగా అరిగి పెద్ద ఖర్చు తెచ్చును. ఇంజను తిరుగునపుడు ముందరి పుల్లీ ఊగుచున్నదేమో మెకానిక్కుచే చూపింపుడు.

టైర్ల అంచుపై నాలుగంకెలుండును. 2318 అని యున్న, 2018లో 23వ వారమున తయారైనదని తెలియవలెను. పదియేండ్లు దాటిన టైరు చూపునకు క్రొత్తగా నున్నను నమ్మదగదు.

ముందు అద్దము వెనుక, నడుపువాని వైపున, 17 అక్షరములు అంకెలు గల గుర్తింపుసంఖ్య కనబడును. అది యాజమాన్యపు పత్రములోని సంఖ్యతో సరిపోవలెను. పత్రముపై “సాల్వేజి” యను మాట యున్నచో, ఆ కారు ఒకప్పుడు ఘోరముగా దెబ్బతిన్నదని గ్రహింపుడు.

ఇక మీ నిద్ర చెరచు సంగతి. అమెరికాలో అమ్మిన ఈ కార్లలో 1994 నమూనాకు ముందు నడుపువానికే గాలిసంచి కలదు, ప్రక్కవానికి లేదు. జారునపుడు కారును నిలబెట్టు నేటి ఎలక్ట్రానికు ఏర్పాటు ఏ నమూనాలోను లేదు. కావున సీటుబెల్టులు గట్టిగా పట్టుచున్నవో లేవో లాగి చూడుడు. వానలో, మంచులో దీనిని బయటికి తీయనని కుమారునిచే మాట తీసికొనుడు.

కడపటి మాట. అమ్మువాడు చూపిన మెకానిక్కు కాక, మీరు కుదుర్చుకొన్న మెకానిక్కు కారును పైకెత్తి పరీక్షింపవలెను. అందుకు అమ్మువాడు ఒప్పుకొననిచో వెంటనే మరలి రండు. సొమ్మంతయు వెలకే పోయరాదు. బెల్టునకు, టైర్లకు, గుడ్డకప్పునకు కొంత మిగుల్చుకొనవలెను.

వలదనియు సరేననియు ఇప్పుడే చెప్పకుడు. “నేనును వచ్చెదను, కలిసి చూతము” అనుడు. మీ కుమారుని కన్నులు ఎర్రరంగుపై నుండును. మీ కన్నులు క్రింది అంచులపై నుండనిండు.