కౌబాయ్ కృష్ణ నకలు కాదు



మీ పత్రిక గత సంచికలో హాలీవుడ్ యాక్షన్ హీరోల వ్యాసం బాగుంది గానీ, మన తెలుగు హీరో కృష్ణను క్లింట్ ఈస్ట్‌వుడ్‌కు నకలుగా తేల్చేయడం అన్యాయం. 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’లో టోపీ, తుపాకీ అక్కడివే, నిజమే. కానీ ఆరుద్ర రాసిన కథ అమరవీడు సంస్థానం నిధిది, ఎడారి రాజస్థాన్‌ది. అంత దూరం యూనిట్‌ను తరలించిన తెగువ తెనాలి పక్క బుర్రిపాలెం బిడ్డ కృష్ణది. గుంటూరులో మిరప టిక్కీలు అమ్మేసి, అటునుంచి అటే హాలుకెళ్లి ఆ సినిమా చూసొచ్చిన మా నాన్నకు ఈస్ట్‌వుడ్ ఎవరో తెలియదు. అదే సినిమా ‘ట్రెజర్ హంట్’ పేరుతో ఇంగ్లిషులోకీ వెళ్లింది.

తొలి తెలుగు సినిమాస్కోప్ ‘అల్లూరి సీతారామరాజు’ (1974), తొలి తెలుగు 70 ఎంఎం ‘సింహాసనం’ (1986) ఊసే వ్యాసంలో లేదు. కృష్ణ మీద విడిగా ఒక వ్యాసం వేయండి.

— ఒక పాఠకుడు, చిలకలూరిపేట