దైవవిశ్వాసమును, శాస్త్రపరీక్షయు

దైవవిశ్వాసము శాస్త్రపరీక్షకు నిలుచునా యని సోదరీమణు లడుగుచున్నారు. ఏ విశ్వాసము, ఏ పరీక్ష యని ముందు విడదీయవలెను. గ్రహణము చూచిన గర్భిణికి కీడు కలుగుననుట పరీక్షింపదగిన మాట, అది నిలువలేదు. 1940లో ముదునూరున భర్తతో గూడి నాస్తికకేంద్రము స్థాపించిన సరస్వతీ గోరాగారు గర్భవతియై యుండియే గ్రహణమును చూచిరి. నేను పూజ మానని దానను. అయినను ఈ విషయమున నాది ఆమె పక్షమే.

మా కాసిపేట ప్రాంతమున బొగ్గుగనికి బోవువారు మైసమ్మకు మ్రొక్కుదురు. అందువలన ధైర్యము కలుగును, నిజమే. దానితో దేవుడున్నాడని రుజువు కాలేదు, లేడనియు కాలేదు. కాని గనిలో మీథేను వాయువున్నచో సేఫ్టీ ల్యాంపులో తగ్గించిన మంటపై నీలికాంతి కనబడును. ఎంత మ్రొక్కినను అది తొలగదు. గాలి బాగుగ ఆడిననే తొలగును. మ్రొక్కితిరా యని భర్త నడుగు ఇల్లాలు, ల్యాంపుతో పరీక్ష జరిగినదా యనియు నడుగుచున్నదా?