పొగబండి వెనుక మనుషులు

ఉదయపు మంచు ఇంకా విడిపోని వేళ. కొండదారి మలుపులో కొందరు కెమెరాలు చేతబట్టి నిరీక్షిస్తూ ఉంటారు. దూరాన ఒక కూత వినిపిస్తుంది. ఆ వెంటనే చక్రాల చప్పుడు, తెల్లని ఆవిరి, నల్లని పొగ. చిన్న రైలుబండి ఒకటి ఆయాసపడుతూ మలుపు తిరుగుతుంది, కాసేపటికే కనుమరుగవుతుంది. కెమెరాలవారు గబగబా జీపులెక్కి, బండిని దాటి ముందుకు సాగి, మరొక మలుపు వద్ద మళ్ళీ దానికోసం కాచుకుంటారు. పట్టాల పక్కనే రోడ్డు సాగే డార్జిలింగ్ కొండలలో ఇది వింత దృశ్యమేమీ కాదు.

కాలం చెల్లిన యంత్రం కోసం వీరికింత తాపత్రయం ఎందుకని కొందరు నవ్వుతారు. విద్యుత్తుతో పరుగులు తీసే రైళ్ళు వచ్చిన తరువాత, బొగ్గు మింగి పొగ కక్కే బండితో పని ఏమిటని ప్రశ్నిస్తారు. ఆ నవ్వులో నేను పాలుపంచుకోలేను. అయితే ఆ కెమెరాలు చూడవలసినదంతా చూస్తున్నాయా అన్న సందేహం మాత్రం నన్ను వదలదు.

మన దేశపు ప్రధాన రైలుమార్గాలలో పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. దీనినే బ్రాడ్‌గేజి అంటారు. కొండలలోను, రాబడి తక్కువగా ఉండే మారుమూల ప్రాంతాలలోను అంత వెడల్పైన మార్గం వేయడం మిక్కిలి ఖర్చుతో కూడిన పని. అందువల్ల పలుచోట్ల 762 లేదా 610 మిల్లీమీటర్ల ఎడంతో పట్టాలు పరిచారు. అవే న్యారోగేజి మార్గాలు. వీటిపై నడిచే చిన్న బండి ఇరుకైన మలుపులలో సైతం తిరగగలదు. కొండను తొలచకుండా, దాని ఒంపులను అనుసరించి పైకి పోగలదు.

1879లో పని మొదలై 1881లో డార్జిలింగ్ చేరిన మార్గం ఇందుకు చక్కని నిదర్శనం. సుమారు 88 కిలోమీటర్ల ఈ దారిలో ఒక్క సొరంగమూ లేదు. సముద్రమట్టానికి దాదాపు వంద మీటర్ల ఎత్తున ఉన్న మైదానం నుండి బయలుదేరిన బండి ఘుమ్ స్టేషను వద్ద 2,258 మీటర్ల ఎత్తును అందుకుంటుంది. నేరుగా ఎక్కలేని చోట పట్టాలు వలయంగా చుట్టుకొని పైకి లేస్తాయి. మరికొన్ని చోట్ల బండి ముందుకు వెళ్ళి ఆగి, వెనుకకు నడిచి, తిరిగి ముందుకు సాగి మెట్టు మెట్టుగా ఎత్తుకు చేరుతుంది. 1999లో యునెస్కో ఈ మార్గాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. నేడు ఇక్కడ డీజిలు యంత్రాలు కూడా ఉన్నాయి. ఆవిరి యంత్రాలు ముఖ్యంగా డార్జిలింగ్, ఘుమ్‌ల మధ్య పర్యాటకుల కోసం నడుస్తున్నాయి.

చలనచిత్రానికీ రైలుకూ గల బంధం ఈనాటిది కాదు. 1896లో లూమియేర్ సోదరులు ఫ్రాన్సులో ప్రదర్శించిన చిత్రాలలో, స్టేషనులోకి ప్రవేశించే ఆవిరి రైలు చిత్రం జగద్విఖ్యాతమైనది. 1969లో విడుదలైన ‘ఆరాధన’ అనే హిందీ చిత్రంలోని పాటలో మన ప్రేక్షకులు డార్జిలింగ్ బండిని చూసి మురిసిపోయారు. ఈ ఆకర్షణకు కారణం లేకపోలేదు. ఆవిరి యంత్రం తన పనిని దాచుకోదు. విద్యుత్ యంత్రంలో శక్తి ఎటునుండి ఎటు ప్రవహిస్తున్నదో కంటికి కనబడదు. ఆవిరి యంత్రంలోనో, నిప్పు కనబడుతుంది, ఆవిరి బుస కొడుతుంది, చక్రాలను తిప్పే ఇనుపకడ్డీలు ముందుకూ వెనుకకూ ఆడుతాయి. అందుకే అది ప్రాణమున్న జీవిలా తోస్తుంది. ఆ జీవి ఎక్కువ కాలం బ్రతకదన్న దిగులే కెమెరా పట్టినవాని చేత పరుగులు తీయిస్తుంది.

కాని ఆ జీవికి ప్రాణం పోసేవారు మనుషులే. డార్జిలింగ్ ఆవిరి యంత్రాన్ని పరిశీలించండి. డ్రైవరుకు తోడుగా నిప్పును పోషించే ఫైర్‌మన్ ఉంటాడు. బొగ్గును పగులగొట్టి అందించేందుకు వేరొక మనిషి ఉంటాడు. యంత్రపు ముందుభాగాన కూర్చుండి పట్టాలపై ఇసుక చల్లేవారు ఉంటారు. తడిసిన పట్టాల మీద చక్రాలు జారకుండా కాపాడేది ఆ పిడికెడు ఇసుకే! బండి కదలడానికి కొన్ని గంటల ముందే నిప్పు రాజేయాలి. తొందరపడి వేడిచేస్తే లోహపు భాగాలు అసమానంగా వ్యాకోచించి అతుకులు దెబ్బతింటాయి. బాయిలరులోని నీటిమట్టాన్ని గాజుగొట్టంలో అనుక్షణం గమనించాలి. నీరు తగ్గి పొయ్యి పైకప్పు బయటపడితే పెను ప్రమాదం తప్పదు. నిప్పులో ఏ మూలకు బొగ్గు వేయాలో, ఎప్పుడు ఆపాలో పుస్తకం కొంతవరకే చెబుతుంది. మిగిలినది చెవికీ చేతికీ తెలియాలి.

మన దేశంలో చిత్తరంజన్ కర్మాగారం ఆవిరి యంత్రాల తయారీని 1972లో నిలిపివేసింది. శతాబ్దం దాటిన యంత్రానికి విడిభాగం కావాలంటే అంగడికి పోయి కొనలేము. తీన్‌ధారియా వంటి కార్ఖానాలలోని పనివారే పాతదానిని బాగుచేయాలి, లేదా కొత్తదానిని చేసుకోవాలి. యంత్రం తుప్పు పట్టడానికి చాలా ఏళ్ళు పడుతుంది. దానిని నడిపే విద్య మాత్రం ఒక్క తరంలోనే అంతరించగలదు. ఇంతటి విద్యను మన కెమెరాలు ఎంతవరకు భద్రపరుస్తున్నాయి? పొగ అందంగా కనబడుతుంది, కొండ అందంగా కనబడుతుంది. మసి పట్టిన చేయి మాత్రం చాలా చిత్రాలలో రెప్పపాటు కాలమైనా నిలువదు.

మన నేలమీద జరిగిన ఒక సంగతి ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. శ్రీకాకుళం ప్రాంతంలోని నౌపడ నుండి పర్లాకిమిడికి, అక్కడి రాజావారి చొరవతో 1900లో న్యారోగేజి మార్గం ప్రారంభమైంది. అది 1931 నాటికి ఒడిశాలోని గుణుపురం వరకు సాగింది. టెక్కలి, పాతపట్నం మీదుగా దాదాపు 90 కిలోమీటర్ల దూరం ఆ చిన్న బండి దశాబ్దాల తరబడి జనాన్ని మోసింది. మొదట ఆవిరి యంత్రాలు, తరువాత డీజిలు యంత్రాలు దానిని లాగాయి. 2004లో న్యారోగేజి మూతబడి, 2011లో అదే దారిలో బ్రాడ్‌గేజి రైలు నడిచింది.

ఈ మార్పు తప్పని నేను అనను. దూరపు కొండలు నునుపు. అప్పుడప్పుడు వచ్చి చిత్రం తీసుకొని పోయేవానికి నత్తనడక ముచ్చటగా ఉంటుంది. రోగిని ఆసుపత్రికి చేర్చవలసినవానికి, పంటను సంతకు తీసుకుపోవలసినవానికి అది ముచ్చట కాదు, భారం. ఆ ప్రాంత ప్రజలకు మంచి రైలు కావాలి, వచ్చింది. కాని మార్గం మారినప్పుడు మనం భద్రపరచుకున్నదేమిటి? రంగులు వేసి నిలబెట్టిన యంత్రంలో నిప్పు ఉండదు, దానిని నడిపినవారి అనుభవమూ ఉండదు. పట్టాలతోపాటు ఆ అనుభవాన్ని కూడా పెరికివేస్తే అది అభివృద్ధిలో భాగం కాజాలదు.

ప్రేమించినవారు ప్రేక్షకులుగా మిగిలిపోనక్కరలేదని నిరూపించిన ఉదాహరణ ఒకటి వేల్స్‌లో ఉంది. అక్కడి టాలిల్లిన్ మార్గం పలకరాతిని మోయడానికి 1865లో ఏర్పడిన న్యారోగేజి మార్గం. 1946లో రాతిగని మూతబడింది. 1950లో మార్గపు యజమాని మరణించాడు. ఇక బండి నిలిచిపోక తప్పదనుకున్న దశలో టామ్ రోల్ట్ అనే రచయిత, ఆయన మిత్రులు ముందుకు వచ్చారు. 1951లో స్వచ్ఛంద సేవకుల నిర్వహణలో బండి మళ్ళీ కదిలింది. వారు కలుపు తీశారు, పట్టాలు సరిచేశారు, టిక్కెట్లు అమ్మారు, నిప్పు రాజేశారు. పిల్లలకు ప్రీతిపాత్రమైన థామస్ రైలింజను కథలను సృష్టించిన ఆడ్రీ సైతం అక్కడ సేవకుడిగా పనిచేశాడు. ఆ మార్గం నేటికీ నడుస్తున్నది.

మన రైల్వేలు ప్రభుత్వ సంస్థ. అందులో ఎవరుబడితే వారు యంత్రం నడపడం సాధ్యం కాదు, మంచిదీ కాదు. అయినా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. రోడ్డు మీద జీపులో బండి వెంట పరుగెత్తేవాడు ఒక్క పైసా అయినా రైల్వేకు చెల్లించడు. ఒక్కసారైనా టిక్కెట్టు కొని ఎక్కితే ఆ మార్గపు మనుగడకు సాయపడినవాడవుతాడు. చిత్రం కోసం పట్టాల మీద నిలబడడం ప్రాణానికి ముప్పు. 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం రైల్వే స్థలంలోకి అనుమతి లేకుండా చొరబడడం నేరం కూడా. అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి. పది నిమిషాలు పొగను చిత్రించినవారు మరో పది నిమిషాలు ఫైర్‌మన్ చేతులను చిత్రించాలి. ఆయన చేత మాట్లాడించాలి. ఆయన పేరు, ఊరు, పని నేర్చుకున్న విధం అడిగి నమోదు చేయాలి.

బొగ్గు పొగ వాతావరణానికి హాని కాదా అని అడగవచ్చు. హానియే. అందుకే అన్ని మార్గాలలో ఆవిరిని తిరిగి తెమ్మని ఎవరూ కోరరాదు. వారసత్వంగా నిలుపుకున్న ఒకటి రెండు మార్గాలలో, పరిమితంగా నడిచే బండ్ల గురించే నా మాట.

విద్యార్థులు ఈ పనికోసం డార్జిలింగ్ దాకా పోనక్కరలేదు. మీ ఊరిలో గానుగ ఆడించిన తాత ఉండవచ్చు. మగ్గం నేసే అవ్వ ఉండవచ్చు. పొగబండికి బొగ్గు వేసి పదవీ విరమణ చేసిన పెద్దాయన ఉండవచ్చు. మీ చేతిలో సెల్‌ఫోను ఉంది. పనిముట్టును తరువాత చిత్రించవచ్చు. ముందుగా ఆ మనిషి ఎదుట కూర్చుండి, “ఈ పని ఎలా చేసేవారు?” అని అడగండి. పనిముట్టు రేపు కూడా అక్కడే ఉంటుంది. సమాధానం చెప్పే మనిషి ఉంటాడో లేదో చెప్పలేము.