చోడవరానికి ఆర్కిటెక్టు అక్కర్లేదా?

మే నెల రాత్రి పదకొండు గంటలకి చోడవరంలో ఏ డాబా ఇంట్లోనైనా పడుకుని చూడండి. పొద్దుగూకి నాలుగు గంటలైనా పైన స్లాబు చల్లారదు. పగలంతా పీల్చుకున్న ఎండని తెల్లారేదాకా కిందికి వదులుతూనే ఉంటుంది. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది. పసిపిల్లలు చెమటకాయలతో ఏడుస్తారు, ముసలివాళ్ళు గొర్జిలో మంచం వాల్చుకుంటారు. దీన్ని అందరూ వాతావరణం అంటున్నారు. నేను దీన్ని కట్టడంలో జరిగిన తప్పు అంటున్నాను. ఆ తప్పుకి బాధ్యులున్నారు అంటున్నాను.

చోడవరం నియోజకవర్గ కేంద్రం. గోవాడ సహకార చక్కెర మిల్లు పక్కనే ఉంది. చుట్టుపక్కల చెరకు బెల్లమై అనకాపల్లి మార్కెట్టుకి వెళుతుంది. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా, ఆ తర్వాత అనకాపల్లి జిల్లా. బోర్డుల మీద జిల్లా పేరు మారింది గానీ ఊరు పెరిగే తీరు మారలేదు. చెరకుతోట కొట్టేస్తారు, ఎర్రమట్టి తోలతారు, హద్దురాళ్ళకి రంగు పూస్తారు, గజాల్లెక్కన అమ్మేస్తారు. కొన్న మనిషి ముందు వాస్తు సిద్ధాంతి దగ్గరికి, తర్వాత తాపీ మేస్త్రి దగ్గరికి వెళతాడు. మధ్యలో ఇంకెవరూ ఉండరు. మేస్త్రిని నేను తప్పుపట్టను. ఆయన చేతిలో పనితనం ఉంది. ఎండ ఎటు పడుతుందో, గాలి ఎటు నుంచి వస్తుందో చూసి గీసిన ప్లాను ఆయన చేతికి ఎవరూ ఇవ్వలేదు. ఉత్తరాంధ్రలో వేసవి గాలి ప్రధానంగా నైరుతి నుంచి వీస్తుంది. వాస్తు నైరుతిని మూసెయ్యమంటుంది, అక్కడ బరువు పెట్టమంటుంది. ఉక్కపోతలో మనల్ని కాపాడే ఆ ఒక్క గాలికీ మన చేతులతో మనమే బీరువా అడ్డం పెట్టుకుంటున్నాం.

2015 అక్టోబరులో రాజధాని అమరావతికి శంకుస్థాపన జరిగింది. అక్కడ అసెంబ్లీకీ హైకోర్టుకీ నమూనాలు గియ్యడానికి లండన్ నుంచి నార్మన్ ఫోస్టర్ సంస్థని పిలిపించారు. పిలవనివ్వండి. రాజధానికి మంచి కట్టడాలు రావలసిందే. కానీ రాష్ట్రంలో జనం ఎక్కువగా బతికేది చోడవరం, మాడుగుల, నర్సీపట్నం లాంటి ఊళ్ళలో. ఆ ఊళ్ళ కోసం ఒక్క ఆర్కిటెక్టుని జీతమిచ్చి కూర్చోబెట్టాలని ఏ ప్రభుత్వానికీ ఎందుకు తోచలేదు? వైద్యుడు లేని ఆసుపత్రి పెడితే జనం ఊరుకోరు. లక్షల ఇళ్ళకి సరైన డిజైన్ లేకపోతే మాత్రం ఊరుకుంటున్నారు, ఎందుకంటే ఇల్లంటే సిమెంటూ ఇనుమూ అని అందరికీ నేర్పేశారు.

ఈ రాష్ట్రంలో పేదలకి ఇళ్ళు కట్టించడంలో ప్రభుత్వాన్ని మించిన బిల్డరు లేడు. అందుకే నా కోపమంతా ముందు దాని మీదే. 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి 30 లక్షలకు పైగా ఇళ్ళపట్టాలు పంచామని అప్పటి ప్రభుత్వం చెప్పుకుంది. పట్నంలో సెంటు, పల్లెలో సెంటున్నర. సెంటున్నరంటే 72 గజాల పైచిలుకు, సుమారు 650 చదరపు అడుగులు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. మిగిలిన జాగాలోనే మెట్లు, మరుగుదొడ్డి, నీళ్ళ డ్రమ్ము, బట్టలారేసే తాడు. ఆవు ఉన్న మనిషి సాల ఎక్కడ వేసుకోవాలి? గడ్డికుప్ప ఎక్కడ పెట్టుకోవాలి? పక్కింటి గోడ చెయ్యి చాపితే తగులుతుంది. ఇక కిటికీ తెరిస్తే వచ్చేది గాలి ఎలా అవుతుంది? 2021 అక్టోబరులో హైకోర్టు సింగిల్ జడ్జి ఇంత చిన్న స్థలాల్లో కట్టవద్దన్నారు. తర్వాత డివిజన్ బెంచి ఆ తీర్పుని పక్కన పెట్టింది. కోర్టులో కేసు ముగిసింది గానీ ఆ ఇళ్ళలో మధ్యాహ్నాలు అలాగే ఉన్నాయి. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెలో మూడు సెంట్లు, పట్నంలో రెండు సెంట్లు అంది. సెంట్లు పెరగడం సంతోషమే. గీత మారకపోతే మూడు సెంట్లలోనూ అదే పెట్టె లేస్తుంది. ఎండి మాడిపోయే అనంతపురానికీ చెమటలో నానిపోయే చోడవరానికీ ఒకటే ఇల్లు సరిపోతుందని నిర్ణయించిన వాళ్ళు ఏ ఊళ్ళోనూ ఫ్యాను లేకుండా వేసవి గడిపి ఉండరు.

కేంద్రం సంగతి మరీ దారుణం. ఇళ్ళలోకి వేడి తగ్గించడానికి 2018లో ఎకో నివాస్ సంహిత అని ఒక నిబంధనావళి తెచ్చారు. అందులో మంచి విషయాలున్నాయి. అప్పుడు దాన్ని వర్తింపజేసింది 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకి. చోడవరంలో ఎంతమందికి అంత స్థలం ఉంది? ఏసీ కొనుక్కోగలిగిన వాళ్ళకి చల్లదనం నిబంధనల్లోకి ఎక్కింది, కొనుక్కోలేని వాళ్ళని ఆ నిబంధనలు చూడనైనా చూడలేదు. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకి వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేడి ఇళ్ళలోనూ చంపుతుందని తెలిశాక కూడా చిన్న ఇంటిని లెక్కలోంచి తీసేశారు.

పాతరోజుల్లోకి పొమ్మంటున్నానని ఎవరైనా అనవచ్చు. నాకు ఆ మోజు లేదు. మండువా లోగిళ్ళు భూములున్న కులాలవి. దళితవాడలో తాటాకు గుడిసె నిప్పురవ్వకి బూడిదయ్యేది, వానకి కారేది. డాబా కోసం జనం ఆరాటపడటంలో న్యాయముంది, అందులో గౌరవముంది, కొడుక్కి పైన ఇంకో గది వేసుకోవచ్చన్న ఆశ ఉంది. అయితే మన తీరంలో చుట్టిల్లు కట్టిన వాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. గుండ్రటి గోడ తుపాను గాలికి ఎదురు నిలవదు, పక్కకి తప్పిస్తుంది. మందపాటి మట్టిగోడ వేడిని ఆలస్యంగా లోపలికి రానిస్తుంది. నేలకి దగ్గరగా దిగిన చూరు ఎండనీ వాననీ గోడ మీద పడనివ్వదు. ఆ తెలివిని స్లాబులోకి తేవడం చదువుకున్న వాళ్ళ పని. ఆ పని వాళ్ళు చెయ్యలేదు. చూరు కత్తిరించి, అరుగు తీసేసి, ముఖానికి గాజూ టైల్సూ అంటించి దానికి ఎలివేషన్ అని పేరు పెట్టారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ విమానాశ్రయం అద్దాలు ఏమయ్యాయో అందరం చూశాం. ఆ అద్దాల మోజే ఇప్పుడు చోడవరం మెయిన్ రోడ్డు మీదికి, పడమటెండకి ఎదురుగా వచ్చి నిలబడింది.

మంచి ఇల్లు ఖరీదు అనే మాట అబద్ధం. ఆర్కిటెక్టు లారీ బేకర్ ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడ్డాడు. 1970లలో తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌ని ఇటుకతో కట్టి చూపించాడు. ఇటుకని పక్కకి నిలబెట్టి గోడ మధ్యలో ఖాళీ వదిలితే నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, ఆ ఖాళీలోని గాలి వేడిని ఆపుతుంది. స్లాబులో కాంక్రీటు ఊరికే బరువై కూర్చునే చోట పాత పెంకులు పరిస్తే సిమెంటూ తగ్గుతుంది, ఇనుమూ తగ్గుతుంది. మన జిల్లాలోనే పరవాడ దగ్గర 2000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్ కేంద్రం బూడిద గుట్టలు పోస్తోంది, ఆ బూడిదతో ఇటుకలు చేస్తున్నారు. గానుగ సున్నంలో బెల్లమూ కరక్కాయ నీళ్ళూ కలిపి గోడలు పూసిన దేశం ఇది, ఆ బెల్లం వండేది మనం. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడులో సిమెంటు వాటా దాదాపు 8 శాతం. కాబట్టి తగ్గే ప్రతి బస్తా లెక్కలోకి వస్తుంది. స్లాబు మీద తెల్లసున్నం పూసినా చాలు, గదిలో తేడా తెలుస్తుంది. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. మనవాళ్ళకి అడ్డమేమిటి?

ఇంటితోనే ఇది ఆగదు. గెడ్డలు పూడ్చి ప్లాట్లు వేస్తే వాన నీరు వీధిలోకి వస్తుంది. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ జాగా వదలాలని నిబంధన ఉంది, ఆ జాగాలో నీడనిచ్చే చెట్టు నాటిన లేఅవుట్ నాకైతే అరుదుగా కనిపించింది. రైవాడ జలాశయం నీళ్ళు విశాఖ నగరం తాగుతుంది. ఈ ప్రాంతపు రైతులు ఏళ్ళ తరబడి ఆ నీళ్ళ కోసం గొడవపడుతున్నారు. నగరం మన నీళ్ళు తీసుకుంది, బదులుగా తన తప్పుడు కట్టడాల మోజుని మనకి పంపింది.

రాష్ట్ర గృహనిర్మాణ సంస్థని సూటిగా అడుగుతున్నాను. చోడవరం మండలంలో వచ్చే కాలనీకి కొబ్బరికాయ కొట్టే ముందు ఆ ఇంటి ప్లాను పంచాయతీ ఆఫీసు గోడకి అంటించండి. నైరుతి గాలి ఏ కిటికీలోంచి వచ్చి ఏ కిటికీలోంచి పోతుందో దాని మీద గీసి చూపించండి. మే నెల మధ్యాహ్నం మూడు గంటలకి, రాత్రి పదకొండుకి ఆ గదిలో వేడి ఎంత ఉంటుందో అంకె వెయ్యండి, కింద గీసినవాడి సంతకం ఉండాలి. అది చెయ్యలేకపోతే పునాది తవ్వకండి.