కప్పు సరే, మిగిలిన పదకొండు మంది సంగతి?

ఇంటర్‌లో చేరేముందు మనందరం ఆ ఫ్లెక్సీలు చూసినవాళ్లమే. ర్యాంకులు కొట్టినవాళ్ల ఫొటోలు వరసగా ఉంటాయి. పరీక్ష రాసినవాళ్లు మొత్తం ఎంతమందో మాత్రం ఎక్కడా ఉండదు. హాకీ కోచ్‌ల గురించి మాట్లాడేటప్పుడు మనమూ అదే ఫ్లెక్సీ కడుతున్నామేమో అనిపిస్తుంది.

హరేంద్ర సింగ్‌నే తీసుకుందాం. 2005 రోటర్‌డామ్ జూనియర్ ప్రపంచకప్‌లో ఆయన జట్టు కాంస్యం మ్యాచ్‌లో స్పెయిన్ చేతిలో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చింది. 2016 డిసెంబరు 18న లక్నోలో ఆయన జట్టే బెల్జియంను 2-1తో ఓడించి, 15 ఏళ్ల తర్వాత ఆ కప్పు మళ్లీ తెచ్చింది. 2018లో సీనియర్ పురుషుల జట్టు అప్పగించారు. ఆసియా క్రీడల్లో కాంస్యం, భువనేశ్వర్ ప్రపంచకప్‌లో క్వార్టర్ ఫైనల్ ఓటమి. 2019 జనవరిలో తప్పించేశారు. స్కోర్లే చూస్తే ఒక ఫెయిల్, ఒక పాస్, మళ్లీ ఒక ఫెయిల్.

కానీ కుర్రాళ్లను తయారుచేసే కోచ్‌కి ఈ మార్కుల లిస్టు సరిపోదు. ఆయన పని ఫలితం చాలా ఏళ్ల తర్వాత, ఇంకో కోచ్ దగ్గర కనిపిస్తుంది. 2021లో టోక్యోలో జర్మనీని 5-4తో ఓడించి 41 ఏళ్ల తర్వాత ఒలింపిక్ పతకం తెచ్చినప్పుడు మన కోచ్ గ్రాహమ్ రీడ్. కానీ లక్నోలో ఆడిన 18 మందిలో ఏడుగురు ఆ జట్టులో ఉన్నారు: హర్మన్‌ప్రీత్, మన్‌దీప్, సుమిత్, నీలకంఠ శర్మ, గుర్జంత్, వరుణ్, సిమ్రన్‌జీత్. జర్మనీ మీద రెండు గోల్స్ కొట్టిన సిమ్రన్‌జీత్, లక్నో ఫైనల్లోనూ ఒక గోల్ కొట్టాడు.

మరి క్రెడిట్ అంతా హరేంద్రదేనా? అదీ కాదు. హర్మన్‌ప్రీత్ లక్నో కంటే ముందే రియో ఒలింపిక్స్ ఆడేశాడు. చిన్నప్పుడే చేతికి స్టిక్ ఇచ్చిన ఊరి కోచ్‌లు, అకాడమీలు ఉన్నాయి. ఏడుగురిలో ఎవరి వాటా ఎంతో ఏ లెక్కా చెప్పలేదు.

ఇక మిగిలిన పదకొండు మంది. వాళ్లలో సీనియర్ జట్టుకు ఆడినవాళ్లున్నారు కాబట్టి అందరినీ ఫెయిల్ అనలేం. కప్పు ఎత్తిన కెప్టెన్ హర్జీత్ మీద పంజాబీలో సినిమా కూడా వచ్చింది. టోక్యో జట్టులో మాత్రం ఆయన పేరు లేదు. మనం కోచ్‌కి మార్కులు వేసేటప్పుడు ఇలాంటివాళ్లు ఏ కాలమ్‌లోకి వస్తారు?

ఇది నాకు సొంత ప్రశ్న కూడా. స్కూల్లో మా పీఈటీ సార్ మాకు హాకీ నేర్పారు. మా బ్యాచ్ నుంచి ఒక్కరూ స్టేట్‌కి ఆడలేదు. పదో తరగతి రాగానే నేనూ స్టిక్ పక్కన పడేశాను. రికార్డు ప్రకారం మా సార్ స్కోరు సున్నా. కానీ దెబ్బ తగిలినవాణ్ణి ఆయన ఎప్పుడూ గ్రౌండ్‌లోకి తోయలేదు. ఆట మానేస్తానంటే "సరేరా, సాయంత్రాలు మాత్రం వస్తూ ఉండు" అన్నారు. ఇప్పటికీ హాస్టల్లో హాకీ పెడితే టీవీ ముందు నుంచి నేను లేవను.

అందుకే, ఫలానా కోచ్ గొప్పోడని ఎవరైనా అంటే మూడు ప్రశ్నలు అడుగుదాం. ఎంతమంది చేరారు? ఐదేళ్లకి ఎంతమంది ఇంకా ఆడుతున్నారు? ఆపేసినవాళ్లు ఆయన ఎదురుపడితే పలకరిస్తారా, తల తిప్పుకుంటారా? మూడోదానికి జవాబు ఏ ఫ్లెక్సీ మీదా దొరకదు. వెళ్లి వాళ్లనే అడగాలి.