అద్దె గోడల మీద అక్షరాలు

దాశరథి కృష్ణమాచార్యులు నిజామాబాదు జైలుగోడ మీద బొగ్గుతో పద్యాలు వ్రాశారన్న సంగతి తెలుగు చదువుకొన్నవారిలో చాలామందికి తెలుసు. ఆయన పుట్టిన చిన్నగూడూరు ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఉంది. ఆ గోడ ఆయనది కాదు, సర్కారుది. చెరిపివేసే అధికారం గోడ ఎవరిదో వారిదే. ఖైదీకి మరో గోడ లేదు కనుక ఆయన దానిమీద వ్రాశారు. మనం ఖైదీలం కాము. సొంతగోడ కట్టుకొనే వీలుండీ పరాయిగోడల మీద వ్రాస్తున్నాం. పైపెచ్చు అది ఉచితమని మురిసిపోతున్నాం. నా తగవు ఆ మురిపెంతోనే.

ఈ తగవుకు కారణం ఉంది. మానుకోటలో నాకొక మిత్రుడున్నాడు. పదకొండేళ్ళపాటు ఊరూరా తిరిగి నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, ముసలమ్మల నోటి కథలు సేకరించి, టైపు చేసి, ఒక ఉచిత స్థలంలో పెట్టుకొన్నాడు. ఒక ఏడాది ఫోను నంబరు మారింది. పాత నంబరుకు వెళ్ళే సంకేతపదం అతనికి చేరలేదు. చాలాకాలం లోపలికి రాలేదన్న కారణంతో ఖాతా మూతబడింది. తన ఇంట్లోని సామాను తనదేనని ఋజువు చేసుకోవడానికి అతను వ్రాసిన ఉత్తరాలకు యంత్రాలే జవాబిచ్చాయి. పాడినవారిలో సగంమంది ఇప్పుడు లేరు. టైపు చేసిన కాగితాలు మాత్రం కొన్ని మిగిలాయి.

ఇది ఒక్క మనిషి దురదృష్టం అనుకొంటే పొరపాటు. జియోసిటీస్‌ను యాహూ 2009 అక్టోబరులో మూసివేసింది. లక్షలకు లక్షల సొంతపుటలు ఒక్కసారిగా పోగా, స్వచ్ఛందంగా పనిచేసినవారు దాచగలిగినంత దాచారు. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. యాహూ గ్రూపులలోని పాత ఉత్తరప్రత్యుత్తరాలను 2019 చివర తొలగించి, 2020 డిసెంబరులో మొత్తం సేవనే ఆపేశారు. ఛందస్సు మీద, కథ మీద, లిపి మీద తెలుగువాళ్ళు చేసిన ఎన్నో వాదోపవాదాలు ఆ గుంపుల్లోనే జరిగాయి. ఏ మూతకూ మన అనుమతి అడగలేదు. అడగనవసరం లేదు కూడా, ఇల్లు వారిది.

పక్కనే ఉన్న ఉదాహరణ చూడండి. జనగామ జిల్లాలోని బమ్మెర పోతన ఊరని ఇక్కడివాళ్ళమంతా నమ్ముతాం. ఒంటిమిట్ట వారితో ఆ తగవు మరోసారి పెట్టుకొందాం. భాగవతాన్ని తన కంకితమివ్వలేదని సర్వజ్ఞ సింగభూపాలుడు దాన్ని పాతిపెట్టించాడన్నది ఐతిహ్యం, తాటాకులు శిథిలమైపోయాయన్నది మరొక మాట. ఏది నిజమైనా, కొన్ని భాగాలను ఏర్చూరి సింగన, బొప్పరాజు గంగన, వెలిగందల నారయ పూరించవలసి వచ్చింది. రాజు ఆగ్రహమైనా చెదపురుగైనా, వేర్వేరు ఇళ్ళలో మరి రెండు ప్రతులుంటే అంత పని జరిగేది కాదు. మన తాతలు తాటాకుల కాలంలో నేర్చుకొన్న పాఠం అదే: ప్రతి వ్రాయించు, వేరే ఇంట్లో దాచు. మనం ఆ పాఠాన్ని మరచి, ఒకే ప్రతిని ముఖమెరుగని కామందు కొట్టంలో పెట్టి నిద్రపోతున్నాం.

అందుకని ముగ్గురం ఒక పని తలపెట్టాం. జనగామలో నేను, మానుకోటలో ఆ మిత్రుడు, భూపాలపల్లిలో గనుల ఉద్యోగం విరమించిన మరొక మిత్రుడు. ముగ్గురి ఇళ్ళలోనూ అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు ఒక్కొక్కటి. దానిమీద లినక్సు, ఒక వెబ్ సర్వరు. మిగిలిన పాటలు, మా రచనలు మూడుచోట్లా ఉండాలి, ప్రతి రాత్రీ ఒకదాన్ని చూసి మరొకటి సరిదిద్దుకోవాలి.

ఖర్చు ఎంతంటారా? అటువంటి యంత్రం సుమారు 5 వాట్లు తింటుంది. ఏడాదికి 8,760 గంటలు, అంటే 44 యూనిట్లు. భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని కాకతీయ తాపవిద్యుత్కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. అందులో ఇరవైరెండు కోట్లవ వంతు మా యంత్రానికి చాలు. చోటు సంగతా? యూనికోడు తెలుగులో ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు పడతాయి. అలా లెక్కవేసినా పోతన భాగవతం మొత్తం నేటి ఫోను తీసే నాలుగైదు ఫొటోలంత చోటులో ఇమిడిపోతుంది. వేగమా? సెకనుకు ఒక మెగాబిట్ పైకి పంపగలిగితే, 30 కిలోబైట్ల పుటలు నాలుగింటిని ఒక్క సెకనులో అందించవచ్చు. మన సాహిత్యానికి ఒక్క క్షణంలో నలుగురు పాఠకులు వస్తే అంతకన్నా పండుగేముంది?

అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఇంటి నంబరు.

అంతర్జాలంలో ప్రతి యంత్రానికీ ఒక చిరునామా కావాలి. పాత పద్ధతిలోని చిరునామాలు మొత్తం 430 కోట్ల లోపే. ప్రపంచస్థాయిలో పంచిపెట్టే నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. అప్పటినుంచి సేవాసంస్థలు ఒక ఉపాయం పన్నాయి. అనేక ఇళ్ళకు కలిపి బయటికి ఒకే చిరునామా చూపుతాయి, లోపల 100.64తో మొదలయ్యేటటువంటి దొంగనంబర్లు పంచుతాయి. వాడకంతటికీ ఒకే తలుపు నంబరు ఉంటే పోస్టుమాన్ ఏం చేస్తాడు? మనం వేసిన ఉత్తరానికి జవాబు మనకు చేరుతుంది, మనల్ని వెతుక్కొంటూ వచ్చిన కొత్తమనిషి మాత్రం వీధి మొగలోనే ఆగిపోతాడు. సినిమా చూడడానికి ఈ ఏర్పాటు చాలు. మన పుటను ఎవరైనా చదవడానికి మాత్రం చాలదు.

నంబరు కోసం నేను సేవాసంస్థకు ఫోను చేశాను.

"స్టాటిక్ ఐపీ ఇంటికెందుకు సార్? కంపెనీ ఉందా?"

"లేదు బాబూ, పుస్తకాలు పెట్టుకొందామని."

"స్పీడు కావాలంటే పెద్ద ప్లాను తీసుకోండి సార్."

ఆ పిల్లవాడిని తప్పుపట్టను. అతనికి నేర్పినదే అతను చెప్పాడు: ఇంట్లో ఉండేవాడు పుచ్చుకొనేవాడే, ఇచ్చేవాడు కాడు. నేను మండిపడేది ఆ నేర్పిన బుద్ధి మీద. పన్నెండు నెలల సొమ్ము అదనంగా ముందే కట్టి, జనగామలో నేనొక నంబరు సంపాదించాను. మానుకోటలో, భూపాలపల్లిలో మిత్రులకు దొరకలేదు. వారి యంత్రాలు రాత్రివేళ నా యంత్రాన్ని పలకరించి ప్రతులు తీసుకొంటాయి, బయటివాడికి మాత్రం కనిపించవు. మా వీధిలో కరెంటు పోతే, మరి రెండు ఊళ్ళలో అక్షరం చెక్కుచెదరకుండా ఉండి కూడా, లోకం దృష్టిలో మేము లేనట్టే.

ఈ లేమి దైవికమైతే సరిపెట్టుకొందును. కాదు. కొత్త పద్ధతి, ఐపీవీ6, చిరునామాకు 128 బిట్లు ఇస్తుంది. ఇంటికొకటి కాదు, ఇంట్లోని ప్రతి గరిటెకూ ఒకటి ఇచ్చినా తరగదు. దాని వాడకంలో భారతదేశం ప్రపంచంలో ముందువరుసలో ఉంది. అయినా ఇళ్ళకిచ్చే నంబరును మళ్ళీమళ్ళీ మార్చడం, బయటినుంచి వచ్చే దారిని మూసి ఉంచడం చాలాచోట్ల అలవాటు. పాతదాంట్లో కొరత నిజమే. కొత్తదాంట్లో కొరత లేదు, ఉన్నది బేరమే. జనగామ, మానుకోటల మీదుగా రైలుపట్టాల వెంట గాజుతీగ సాగుతోంది. పంచాయతీలకు తీగ వేసే పథకాన్ని కేంద్రం 2011లోనే ఆమోదించింది. తీగ వచ్చిందా లేదా అని అడిగేవారు చాలామందే ఉన్నారు. ఆ తీగ చివరనున్న ఇంటికి పేరూ నంబరూ ఉన్నాయా అని అడిగేవారేరీ?

ఆక్షేపణలు తెలుసు. "దొంగలు చొరబడరా?" చొరబడతారు, తలుపులన్నీ తెరిచి పెడితే. 80, 443 అనే రెండు ద్వారాలు తప్ప మిగతావి మూసి, వారంవారం మరమ్మతులు చేసుకొంటే చాలావరకు క్షేమం. భద్రతాపత్రాలు 2015 చివరినుంచి ఉచితంగా దొరుకుతున్నాయి. "నంబరూ సేవాసంస్థదే, పేరూ ఏటేటా కట్టే అద్దెదే కదా?" నిజమే. అయితే నంబరు మారితే పేరును కొత్త నంబరుకు తిప్పుకోవచ్చు. పేరు పోయినా పుస్తకం నా గూట్లోనే ఉంటుంది. వీధి పేరు మారడం వేరు, ఇల్లు కూలడం వేరు. "అందరికీ ఇంత సాంకేతికం ఎక్కడ వస్తుంది?" అందరికీ రానక్కరలేదు. ఊరికొకరికి వస్తే చాలు. ఊరందరికీ అచ్చుయంత్రం ఉండేదా ఏమిటి?

"మరి నువ్విది వ్రాస్తున్నదెక్కడ?" అన్నది చివరి ఆక్షేపణ, అన్నిటికన్నా గట్టిది. ఉచితస్థలంలోనే. పాఠకులు ఇక్కడికి అలవాటుపడ్డారు, నేనూ పడ్డాను. కానీ ఈ మాటల మొదటి ప్రతి జనగామలో నా బీరువా మీది యంత్రంలో ఉంది. రెండవది మానుకోటలో, మూడవది భూపాలపల్లిలో. ఇది చావడి. చావడిలో కూర్చొని మాట్లాడుకోవడం తప్పు కాదు, దస్తావేజులు అక్కడ వదిలి పోవడం తప్పు.

కనుక తోటి రచయితలకు ఒక విన్నపం. మీరు వ్రాసినదంతా ఈ రాత్రే దించుకోండి, మరొక ఊళ్ళో ఉన్న నమ్మకస్తుడికి ఒక ప్రతి ఇవ్వండి. సేవాసంస్థకు ఫోను చేసి నంబరు అడగండి. ఇవ్వమంటారు, అయినా అడగండి. నంబరు అడిగే ఇళ్ళు జిల్లాకు ఒకటి రెండే ఉన్నంతకాలం అది పిచ్చివాడి కోరికగానే చలామణి అవుతుంది. వంద ఇళ్ళు అడిగితే దానికి దరఖాస్తు కాగితం పుడుతుంది.

మానుకోట మిత్రుడు మిగిలిన కాగితాలు చూసి పాటలు మళ్ళీ టైపు చేస్తున్నాడు. నిన్న రాత్రి నలభయ్యొకటో పాట నా యంత్రంలోకి వచ్చి చేరింది.