బడిలో మడి ఎందుకు లేదు?



2023 డిసెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతులు నిషేధించింది. ఉల్లి రైతు గోడు పట్నానికి పట్టలేదు. ధర తగ్గితే చాలనుకుంది. పట్నం మనిషి చెడ్డవాడని కాదు, పంట ఎన్నాళ్లకి చేతికొస్తుందో అతనికి ఎవరూ చూపించలేదు. అందుకే బడితోట పంతుళ్ల వ్యవహారం కాదు, రైతు సంఘం వ్యవహారం అంటున్నాను.

ఆటోనగర్ చూడండి. లారీ బాడీలు కట్టే షెడ్లు, వెల్డింగ్ మెరుపులు, పాత టైర్ల గుట్టలు. ఈ చుట్టుపక్కల పిల్లల్లో ఎంతమందికో తాతలు రైతులే. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాలు భూములిచ్చాయి (ఇచ్చాయి అనడం కంటే తీసుకున్నారనడం న్యాయం). అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ నిర్వాసిత కాలనీలు అలా వచ్చినవే. ఆ ఇళ్ల మనవలకి ఆనప పాదుకీ బీర పాదుకీ తేడా తెలీదు.

'స్థలం ఎక్కడుందండీ?' అంటారు బడివాళ్లు. 2019లో కేంద్ర విద్యాశాఖ బడుల్లో పోషకాహార తోటలు వెయ్యాలని మార్గదర్శకాలిచ్చింది. పండింది మధ్యాహ్న భోజనంలో వండాలంది. చోటు లేకపోతే డాబా మీద, కుండీల్లో, డబ్బాల్లో, ఖాళీ సంచుల్లో పెంచమని కూడా అందులోనే ఉంది. కృషి విజ్ఞాన కేంద్రాల సాయం తీసుకోమన్నారు. ఆ కాగితం ఏ బీరువాలో పడుందో! ఈలోగా భోజన పథకం గోరుముద్ద అయింది, పీఎం పోషణ్ అయింది, డొక్కా సీతమ్మ గారి పేరొచ్చింది. బోర్డులు మారాయి. నేను చూసిన బడుల్లో తోటంటే ఆగస్టులో ఫొటోకి నాటిన మొక్క, దసరాకి ఎండిన పుల్ల.

నిజానికి బడి క్యాలెండరూ మన సాగు క్యాలెండరూ ఒకటే. జూన్ 12న బడి తెరిచేసరికి తొలకరి. అప్పుడు గోంగూర, తోటకూర చల్లితే నెల తిరిగేసరికి కోతకొస్తాయి. బెండ నెలన్నరకి కాస్తుంది. దసరా సెలవులయ్యాక టమాటా, వంగ నారు నాటితే సంక్రాంతికి కాయలు. ఎండలు ముదిరేలోగా పంట అయిపోతుంది, బడీ మూసేస్తారు. వేసవిలో నీళ్లెవరు పోస్తారన్న బెంగే లేదు.

ఒక్క జాగ్రత్త. ఆటోనగర్ రోడ్డు పక్క మట్టి వాడొద్దు. ఇంజనాయిలు, ఇనుప రజను, పెయింటు అన్నీ అందులోనే. పాత ఆయిలు డ్రమ్ములూ, పెయింటు డబ్బాలూ వద్దు. బియ్యం సంచుల్లో చెరువు మట్టి రెండు పాళ్లు, మాగిన గత్తం ఒక పాలు కలిపి నింపితే చాలు.

ఇంట్లోనూ ఒక పాదు ఉండాలి. ఎందుకంటే బీరపువ్వు సాయంత్రం పొద్దువాలాక విచ్చుకుంటుంది, బడి అప్పటికి వదిలేస్తారు. మగపువ్వేదో, అడుగున పిందె ఉన్న ఆడపువ్వేదో, మధ్యలో పురుగు చేసే పనేమిటో కళ్లతో చూసిన పిల్లకి పాఠం వేరే చెప్పాలా?

కొన్ని బడుల్లో మట్టిపని శిక్ష. ఆలస్యంగా వస్తే కలుపు తియ్యాలి. అదీ కొందరి పిల్లలకే. ఇది మహా పాపం. తోటపని అందరికీ వంతులవారీగా ఉండాలి, లేదా అసలు వద్దు. మన ఇళ్లల్లోనూ ఇదే జబ్బు. 'చదవకపోతే మట్టి పిసుక్కుంటావు' అని పిల్లల్ని బెదిరించేది రైతు కుటుంబాలే. మన పనిని మనమే తిట్టుగా వాడుకుంటే పట్నం గౌరవించాలా?

బడి తల్లిదండ్రుల కమిటీల్లో మన సభ్యులున్నారు. రాబోయే సమావేశంలో 2019 మార్గదర్శకాల కాపీ అడగండి. తోట ఎందుకు వెయ్యలేదో మినిట్స్‌లో రాయించండి. అనకాపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానం దూరమేమీ కాదు, శాస్త్రవేత్తని పిలవమనండి. మట్టి సంగతి మనం చూసుకుందాం. బడికి ఒక ట్రాక్టరు చెరువు మట్టి, అర ట్రాక్టరు గత్తం సరిపోతాయి. మే నెలాఖరులోగా ఎవరు తోలగలరో సంఘం ఆఫీసులో పేరు రాయించండి.